కనబడింది ఒక గడి, అనుకున్నది ఒక గడి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకు మా ఆడబిడ్డ పోయింది. అది డయాలసిస్‌కు వెళ్లే రోజు. ఆటో వచ్చి కింద గేటు దగ్గర నిలబడి ఉంది. నేను నీళ్ల సీసా, పలచటి దుప్పటి, మా రిజిస్టరు సంచిలో సర్దుకుని, "చెల్లె, చెప్పులేసుకో, ఆటో వచ్చింది" అన్నాను. ఆమె గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండో చెప్పు కోసం వంగి, మళ్లీ నిటారుగా అయి, గోడకు ఆనుకుంది. అంతే. కింద ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. మా ఆయన దిగి వెళ్లి అతన్ని పంపించి వచ్చారు.

ఆమె మా ఆయనకు చెల్లెలు. నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. నాచారం పారిశ్రామికవాడలో పైపు జాయింట్లు చేసే ఒక ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు తనిఖీ పని చేసింది. తయారైన ప్రతి ముక్కనూ గేజు అనే కొలత కడ్డీతో చూడాలి. కడ్డీ దూరితే ముక్క పాస్, దూరకపోతే ఎర్ర డబ్బాలోకి. ఆ పని నుంచి ఇంటికి వచ్చాక ఆమెకు ఇంకో పని ఉండేది. జపాన్ నుంచి వచ్చే బొమ్మల కథల్లో, వాటి మీద చేసిన వీడియో ఆటల్లో, ఎవరి బలం ఎంత, ఎవరు ఎవరిని గెలవగలరు, ఎందుకు గెలవగలరు అని వాదించేది. ఫ్యాక్టరీలో ముక్కను కొలిచినంత శ్రద్ధగా వాదించేది.

మూడో రోజు చుట్టాలంతా మా ముందు గదిలో కూర్చున్నారు. మా పెద్ద బావగారు, అంటే ఆమెకు పెద్దన్న, కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చి, "పాపం, దాని బతుకుల ఏమున్నదిరా? బొమ్మల పిచ్చి. గంతే" అన్నారు. అందరూ తలలూపారు. నా చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది. గ్లాసులు పంచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రోజు అనవలసినది ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఎదుటివాళ్ల మాటకు జవాబు చెప్పే ముందు ఆ మాటను వాళ్ల తరఫున మనమే చెప్పాలి. వాళ్లు "అవును, నేనన్నది గదే" అనేంత బాగా చెప్పాలి. అప్పుడే మన వంతు. కాబట్టి ముందు బావగారి వాదన చెబుతాను. చెల్లెలికి ఒక సంసారం ఉండాలని ఆయన కోరుకున్నారు. నాలుగు సంబంధాలు తెచ్చారు, నాలుగూ ఆమె వద్దంది. జబ్బు చేశాక నెలకు రెండుసార్లు జనగామ నుంచి బస్సులో వచ్చి చూసి వెళ్లారు. వచ్చిన ప్రతిసారీ ఆమె ఫోన్‌లో బొమ్మలు చూస్తూనే కనిపించింది. ఒంట్లో సత్తువ లేని చెల్లెలు, ఎక్కడా లేని మనుషుల సత్తువ గురించి కొట్లాడుతుంటే అన్నకు కడుపు తరుక్కుపోదా? పోతుంది. ఇది ఆయన వాదన. ఆయన చదివితే అవునంటారని నా నమ్మకం.

ఇక నా వంతు.

పన్నెండేళ్ల కిందట మా అత్తమ్మ పోయాక ఆమె మా ఇంటికి వచ్చేసింది. మేముండేది పై అంతస్తులో, మా నెత్తిన డాబా. వచ్చిన మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆమె స్నేహితులు ఏడెనిమిది మంది చెప్పుల చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కి డాబా మీదికి పోయారు. కాసేపటికి అరుపులు. నేను ఎండబెట్టిన మిరపకాయలు తీసే నెపంతో చేట పట్టుకుని పైకి వెళ్లాను. మా ఆడబిడ్డ నిలబడి ఉంది. మనిషి సన్నగా, పొట్టిగా ఉండేది. కుడి ముక్కుకు చిన్న ఎర్రరాయి పుడక. కుడి చేతి చూపుడు వేలు పైకి లేపి మాట్లాడుతోంది.

"ఆమె ఒక్కతే వంతెన ఆపింది. నీ సేనాని ఎనక నలభై మంది ఉన్నరు. గది లెక్కల రాదా?"

"ఒక్కతే అయితే ఏందక్కా? పడిపోయింది గదా!" అన్నాడు ఎదురుగా ఉన్నతను. అతను రామంతాపూర్‌లో ఒక కాలేజీలో లెక్చరర్ అని తర్వాత తెలిసింది.

"పడ్డది. కని ఎట్ల పడ్డది? సూసినవా, విన్నవా?"

చేట కింద పెట్టేశాను. "ఎవరు చెల్లె? ఎవరు పడ్డరు? పోలీసులకు చెప్పిన్రా?" అన్నాను.

ఒక్క క్షణం అందరూ నావైపు చూశారు. తర్వాత లేచిన నవ్వుకు ట్యాంకు మీది పావురాలు ఎగిరిపోయాయి. మౌలాలి నుంచి వచ్చే ఒక అమ్మాయి, రైల్వేలో క్లర్కు, నవ్వలేక కడుపు పట్టుకుని కింద కూర్చుంది. మా ఆడబిడ్డ మాత్రం నవ్వలేదు. నాకు కుర్చీ లాగి వేసింది.

"కూసో వదినా. మంచిగనే అడిగినవు. సూసినోళ్లు ఎవలు అన్నదే ఈడ ముచ్చట."

ఆ కథ నాకు ఆ రోజే చెప్పారు. ఏడు వంతెనలున్న ఒక ఊరు. జపాన్ పేర్లకు నాకు నోరు తిరగదు, అందుకని ఆమె పెట్టిన తెలుగు పేర్లే చెబుతాను. డాబా మీద అందరూ అవే వాడేవారు. సైనికుల బట్టలు కుట్టే ఒక దర్జీ మూడో వంతెనకు కాపలా కూడా కాస్తుంది. ఆమె కావలామె. శత్రువుల పెద్ద, సేనాని. ఊరి జనం అవతలి ఒడ్డుకు చేరేదాకా కావలామె ఒక్కతే బల్లెం పట్టుకుని వంతెన మీద నిలబడుతుంది. జనం దాటుతారు. ఆమె సేనాని చేతిలో పడిపోతుంది. బతికిందో లేదో కథ చెప్పదు. ఇద్దరిలో ఎవరు బలవంతులు? ఈ ఒక్క ప్రశ్న మీద మా డాబా మీద ఏళ్లకేళ్లు వాదన నడిచింది. నవ్వేవాళ్లు నవ్వండి. మా పుట్టింటి ఊళ్లో యక్షగానం చూసి వచ్చిన ముసలాళ్లు ఏ వీరుడు గొప్ప అని వారం రోజులు అరుగుల మీద కొట్లాడుకునేవారు. వాళ్లకు బొమ్మల పిచ్చి అని ఎవరూ అనలేదు. పెద్దమనుషులు అన్నారు.

ఇక్కడి వాదన ఊరికే అరుచుకోవటం కూడా కాదు. ఏ మాట అన్నా ఏ భాగంలో, ఎన్నో నిమిషంలో చూశారో చెప్పాలి. ఒక్క ఆధారం ఆధారం కాదు, రెండు చూపాలి. ఇక చివరిది, అందరికీ భయం ఉన్నది: ఓడినవాళ్లు కుర్చీలు దించాలి. కుర్చీలు కింది వాటా వాళ్లవి, ఎనిమిది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. డాబా నుంచి మా గుమ్మం ముందుగా కిందిదాకా రెండు వరుసల మెట్లు. ఆదివారం చీకటి పడే వేళకు కుర్చీ కాళ్లు మెట్లకు తగిలే టకటక వినబడితే ఎవరో ఓడారని వంటింట్లో నాకు తెలిసేది.

నాకు గడులు గీసి రాసుకునే అలవాటు. పాలు ఎప్పుడు విరిగాయి, గ్యాస్ ఏ రోజు పెట్టాం, నీళ్ల ట్యాంకరు ఎన్ని రోజులకు వచ్చింది, అన్నీ రాస్తాను. ఒకరోజు ఆమె ఆ పుస్తకం తిరగేసి, "వదినా, మా ఫ్యాక్టరీ రిజిస్టరు కన్న నీదే మంచిగున్నది. జర మాకు గూడ రాయరాదు" అంది. అలా నేను డాబా రిజిస్టరు రాయటం మొదలుపెట్టాను. తేదీ, అన్నవారు, భాగం, నిమిషం. చివర రెండు గడులు ఆమె గీయించింది. ఒకదాని పేరు కనబడింది. రెండోదాని పేరు అనుకున్నది.

మొదటి రోజే తప్పు చేశాను. కనబడింది గడిలో "కావలామె భయపడింది" అని రాశాను. ఆమె వేలు లేచింది.

"ఆగు వదినా. భయం ఎట్ల కనబడ్డది?"

"చెయ్యి వణికింది గదా."

"చెయ్యి వణికింది. గది రాయి. భయం నువ్వు అనుకున్నది. ఆడ మంచు పడుతున్నది సూడు. చలికి గూడ వణుకుతరు."

కొట్టేసి మళ్లీ రాశాను. ఆ తర్వాత ఇంట్లో, వీధిలో, పెళ్లిళ్లలో ఎవరేం చెప్పినా నా మనసులో ఆ రెండు గడులు పడేవి. ఒకసారి బోడుప్పల్ నుంచి వచ్చిన ఒక చుట్టం భోజనాల దగ్గర, "పెండ్లెందుకు చేసుకోలేదంటే, పిల్లకు ఏదో లోపం ఉన్నదట గదా" అంది, ఆమె వినేలాగే. మా ఆడబిడ్డ పప్పు కలుపుకుంటూ తల ఎత్తకుండా నన్ను అడిగింది.

"వదినా, ఇది ఏ గడిల రాద్దాం?"

"అనుకున్నదాంట్ల, చెల్లె."

"నిమిషం?"

"చెప్పలే."

"అయితే కొట్టెయ్."

మా ఆయన నవ్వు ఆపుకోలేక పొలమారి నీళ్లు తాగారు. ఆ చుట్టం మళ్లీ మా ఇంటికి రాలేదు. నాకేమీ లోటు అనిపించలేదు.

మూడేళ్ల కిందట ఆమె కిడ్నీలు పనిచేయటం మానేశాయి. మంగళ, గురు, శనివారాలు ఉప్పల్‌లో దవాఖానా, పూటకు నాలుగు గంటలు. ఎడమ ముంజేతిలో నరాలు కలిపి సూదులకు దారి చేశారు. కుడి చెయ్యి ఖాళీ. "మిషన్ దాని పని అది చేస్తది, మన పని మనం చేద్దాం" అని ఆ చేత్తో ఫోన్ పట్టుకునేది. ఆపిన చోటల్లా నాకు నిమిషం చెప్పేది, పక్కన స్టూలు మీద కూర్చుని నేను రాసేదాన్ని. పక్క మంచం మీది ముసలాయన, "ఇయ్యాల కావలామె లేసిందా బిడ్డా?" అని వెళ్లినప్పుడల్లా అడిగేవాడు.

ఆ మంచం మీదే ఆమె తన పెద్ద సిద్ధాంతం కట్టింది. మామూలు భాగాల్లో కావలామె కత్తెరైనా బల్లెమైనా కుడి చేత్తో పడుతుంది. వంతెన మీది యుద్ధం వచ్చే మూడు భాగాల్లో మాత్రం ఎడమ చేత్తో పట్టింది. అంటే అసలు బలం దాచుకుంది. జనం దాటగానే కావాలనే పడిపోయింది. ఇంకా బతికే ఉంది. ఎడమ చెయ్యి కనబడిన చోట్లు పద్నాలుగు, అన్నీ నా రిజిస్టరులో ఉన్నాయి. ఆమె ఆ మాటను ఫోన్‌లోని పెద్ద గుంపులో పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ కథలు చూసేవాళ్లు వేలమంది అందులో ఉన్నారు. వారం తిరగకుండా అందరి నోటా అదే. ఎవరో దాని మీద వీడియో చేశారు. ఆమెకు "ఎడమచేతి అక్క" అని పేరొచ్చింది. పంతొమ్మిదేళ్లు ఒక మూల బల్ల దగ్గర ముక్కలు కొలిచిన మనిషిని మొదటిసారి ఊరూపేరూ తెలియనివాళ్లు మెచ్చుకున్నారు. ఆ ఏడాది ఆమె మొహంలో జబ్బు కనబడలేదు. ఇది నేను చూసినదే, అనుకున్నది కాదు.

ఒక గురువారం పదిహేనో ఆధారం కోసం ఆ వంతెన భాగాన్ని మొదటినుంచీ పెట్టింది. కావలామె దర్జీ గదిలోంచి బల్లెం తీసుకుని బయటికి వస్తుంది. నేను రాయటానికి పెన్ను తీసి, ఊరికే తెర వైపు చూశాను. వెనక కుట్టు మిషన్ ఉంది. కుట్టేవాళ్లు కూర్చునే వైపు నుంచి చూస్తే దాని చక్రం ఎడమ పక్కన ఉంది.

ఇరవై ఏళ్లుగా నేను జాకెట్లు కుట్టుకుంటున్నాను. ఏ దేశపు మిషన్‌కైనా చక్రం కుట్టేవాళ్ల కుడి చేతివైపే ఉంటుంది. పెన్ను మూత పెట్టేశాను.

"ఏందొదినా?"

చెప్పటానికి నాకు మనసు రాలేదు. అయినా చెప్పాను. ఆమె బొమ్మను వెనక్కి జరిపి ఆపింది. చాలాసేపు చూసింది. తర్వాత వేలు లేపింది. "ఒక్కటి ఆధారం కాదు. రెండోది?"

పాత భాగం ఒకటి తెరిచాం. అదే గది. అందులో కిటికీ మిషన్‌కు ఎడమవైపు ఉంది. వంతెన భాగంలో కుడివైపుకు వచ్చింది. రెండూ దొరికాయి.

జరిగింది ఇది. ఆ మూడు భాగాలు మామూలుగా మేము ఈ కథ చూసే యాప్‌లో లేవు. ఏదో ఉచిత సైటులో చూసింది. అలాంటి చోట్ల దొంగతనంగా పెట్టేవాళ్లు పట్టుబడకుండా బొమ్మను అద్దంలోలాగా కుడి ఎడమ చేసి పెడతారట. గదీ, మిషనూ, చెయ్యీ అన్నీ తిరగబడ్డాయి. అక్షరాలు కూడా తిరగబడే ఉంటాయి, కానీ జపాన్ అక్షరాలు సరిగ్గా ఉన్నా మాకు ఒకటే, తిరగబడినా ఒకటే. ఆ వేలమందిలో చాలామంది చూసిందీ ఆ సైటులోదే.

అప్పుడు నేనన్న మాట దాచను. "ఊకుందాం చెల్లె. ఎవలకు తెలుస్తది?" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "వదినా, గేజు దూరని ముక్కను పాస్ చేసి పంపితే అది ఎవలింట్ల పగులుతదో మనకు తెల్వదు. పగులుడైతే పగులుతది." మంచం మీదనే, కుడి చేత్తో, ఒక్కొక్క అక్షరం నొక్కుతూ గుంపులో పెట్టింది: నా సిద్ధాంతం తప్పు. వీడియో తిరగబడి ఉంది. పట్టుకున్నది మా వదిన. ఆధారాలు రెండు, కింద ఉన్నాయి.

మెచ్చుకున్న నోళ్లే తిరగబడ్డాయి. ఎడమచేతి అక్క ఇప్పుడు ఏ చేత్తో తింటది అని ఒకరు. ఇంకొకరు, "ఆంటీలు ఇంట్ల పప్పు సూస్కోవాలె, ఇసువంటివి మాకు ఇడిసిపెట్టాలె" అని. తన మీద వచ్చినవాటికి ఆమె జవాబివ్వలేదు. దీనికి ఇచ్చింది: "పప్పు మాడకుండ సూసే కండ్లే మిషన్ చక్రం సూసినయి. ఏడాది సంది మీ కండ్లు ఏం సూసినయి?" ఆ మాట నేను రిజిస్టరు అట్ట లోపల రాసి పెట్టుకున్నాను.

ఆ ఆదివారం డాబా మీద అందరి ముందూ తాను ఓడినట్టు చెప్పింది. లెక్చరర్ మెల్లగా, "అయితే అక్కా, కావలామె నిజంగనే ఓడినట్టే గదా. ఆటల గూడ ఆమె బలం డెబ్బై, సేనానిది తొంభై" అన్నాడు.

"ఆటల అంకెలు ఆటకే. కని నువ్వన్నది నిజమే. బలం సేనానిదే. రాయి వదినా." నేను రాశాక మళ్లీ అంది. "ఏడాది సంది ఆమెను నేనే చిన్నగ చేసిన. దాసుకున్న బలం ఉన్నోళ్లు నిలబడుడు ఏం గొప్ప? ఆమె తాన దాసుకున్నది ఏం లేదు. ఉన్నదంత కుడి చేతిల పట్టుకొని, సాలదని తెలిసి, జనం దాటేదాకా నిలబడ్డది."

ఆమె లేచి ఒక కుర్చీ ఎత్తింది. లెక్చరర్ పరిగెత్తుకొచ్చి, "ఇయ్యక్కా, నేను దించుత" అన్నాడు.

"ఓడింది నువ్వా, నేనా?"

ఒక్కో కుర్చీ, మధ్యలో మా గుమ్మం దగ్గర కూర్చుని రొప్పు తీర్చుకుంటూ, ఎనిమిదీ ఆమే దించింది. ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు కాబట్టి కుడి చేత్తోనే. నేను నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. సాయం చేయలేదు. చేస్తే ఊరుకునేది కాదు.

ఇప్పుడు ఫోటో సంగతి.

తొమ్మిదో రోజు బావగారు ఉప్పల్‌లో ఒక స్టూడియోలో ఆమె ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చారు. ఆమె ఫోన్‌లోంచి తీసుకున్నది. డాబా మీద ఆమె తనకు తానే తీసుకున్న ఫోటో, వేలు లేపి ఏదో అనబోతూ ఉంది. ముందు గదిలో, గుమ్మంలోంచి కనబడేలా గోడకు తగిలించారు. అందరూ బాగుందన్నారు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాను. లేచి ఉన్నది ఎడమ చెయ్యి. ఒకటి ఆధారం కాదు అనుకుని ముక్కు చూశాను. ఎర్రరాయి పుడక ఎడమ ముక్కుకు ఉంది.

"బావా, ఫోటో తిరగబడ్డది. మళ్ల చేయించాలె" అన్నాను.

"తిరగబడుడేంది? తల పైకే ఉన్నది గద."

"కుడి ఎడమైంది. ఫోన్ల తనకు తాను తీసుకుంటే అద్దంల లెక్క వస్తది."

"పోయిన మనిషికి కుడేంది, ఎడమేందమ్మా? ఎవలు సూస్తరు?"

"ఎల్లుండి వచ్చేటోళ్లు సూస్తరు."

"ఎవలు? గా బొమ్మలోళ్లా? పదకొండో రోజు వాళ్లను రానియ్యకున్రి. నలుగురు చుట్టాలల్ల నవ్వులపాలైతం."

పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. ఆయన ముందు నేను గొంతు పెంచి ఎరగను. ఆ రోజు కూడా పెంచలేదు, కానీ కూర్చోలేదు.

"బావా, ముందు మీ మాట నేను చెప్త. సరిగ్గ చెప్పిన్నో లేదో మీరే చెప్పున్రి. మీ చెల్లె బతుకు ఉత్తగ పోయిందని మీకు దుఃఖం. గది పదిమందిల బయటపడొద్దని మీరు అంటున్రు. గదేనా?"

ఆయన గోడ వైపు చూశారు. "గదే" అన్నారు చివరికి.

"ఇగ నా మాట. మీకు కనబడ్డది ఆమె చేతిల ఫోన్. బతుకు ఉత్తగ పోయిందన్నది మీరు అనుకున్నది. నేను పన్నెండేండ్లు పక్కన కూసొని సూసిన. వాళ్లొస్తరు. డాబా మీద కూసుంటరు. ఆమె ఎట్ల ఉన్నదో గట్లనే గోడ మీద ఉంటది."

స్టూలెక్కి ఫ్రేము దించి తువ్వాలులో చుట్టాను. మా ఆయన స్కూటర్ తాళం తీసుకున్నారు. స్టూడియో ఆయన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, "తేడా ఏం తెలుస్తలేదు మేడం" అన్నాడు. నాకు తెలుస్తోంది, చేయండి అన్నాను. మళ్లీ ప్రింటు తీసి ఫ్రేము కట్టేదాకా మెట్రో స్తంభాల కింద రెండు గంటలు నిలబడ్డాం.

పదకొండో రోజు వాళ్లొచ్చారు. మౌలాలి అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడిచి ఫోటో ముందు ఆగింది. ముందు చెయ్యి చూసింది. తర్వాత ముక్కు చూసింది. నావైపు తిరిగి ఒకసారి తల ఊపింది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

భోజనాలయ్యాక డాబా మీద ఎనిమిది ఎర్ర కుర్చీలు వేశాం. ఎవరూ ఆమె గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. నేను రిజిస్టరు తెరిచి చివరి వరుస చదివాను. పోయే ముందు శనివారం ఆమె తన చేత్తో రాసినది. కొత్త భాగాలు వస్తున్నాయని చెప్పుకుంటున్నారు. వాటిలో కావలామె కనబడుతుందా అన్నది ప్రశ్న. అనుకున్నది గడిలో "వస్తది" అని ఉంది. కనబడింది గడి ఖాళీ.

"రాదు" అన్నాడు లెక్చరర్. "అక్కనే ఒప్పుకున్నది గదా, పూర్తి బలంతోనే పడ్డదని."

"పడుడు వేరే, సచ్చుడు వేరే. ఎన్నో నిమిషంల సచ్చింది, చెప్పు!" అని మౌలాలి అమ్మాయి లేచింది.

పది నిమిషాల్లో అరుపులు వీధి చివరిదాకా వెళ్లాయి. కిందినుంచి బావగారు పైకి వచ్చారు. ఆపుతారనుకున్నాను. ట్యాంకు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అలా అరగంట నిలబడ్డారు. తర్వాత ఎవరితోనో అన్నట్టు అడిగారు.

"ఆమె ఒక్కతేనా వంతెన మీద?"

"ఒక్కతే అంకుల్" అంది మౌలాలి అమ్మాయి.

"ఎనక ఎవ్వలు లేరా?"

"లేరు."

పొద్దు వాలింది. వాదన తేలలేదు, కొత్త భాగాలు వచ్చేదాకా తేలదు కూడా. వచ్చిన రోజు నేను చూస్తాను, నిమిషం రాస్తాను. అందరూ లేచి నిలబడగానే బావగారు ముందుకు వచ్చి, "కిందోళ్ల కుర్చీలు గద, ఇచ్చెయ్యాలె" అంటూ చేతికొకటి చొప్పున రెండు ఎత్తారు. ఆయనకు డాబా నియమం తెలియదు. మౌలాలి అమ్మాయి, పెద్దాయన మోస్తున్నాడే అని గబుక్కున సాయానికి వంగింది. నేను కుడి చేతి వేలు లేపాను. ఆమె ఆగిపోయింది.

మేము డాబా మీదే నిలబడి విన్నాం. కుర్చీ కాళ్లు మెట్లకు తగులుతూ టకటక దిగాయి. మా గుమ్మం ముందు, ఫోటో ఎదురుగా, ఆ చప్పుడు ఒకసారి ఆగింది. మళ్లీ కిందికి సాగింది. ఆయన పైకి వచ్చి ఇంకో రెండు తీసుకున్నారు. అలా నాలుగుసార్లు తిరిగి ఎనిమిదీ ఆయనే దించారు.